బెల్లం తూకంలో లేని ఆడపడుచులు

మా ఇంట్లో ఏటా ఆషాఢం దగ్గర్లో వచ్చే ఆడి నెలలో మనుషుల్ని తూస్తాం. ఇంటిదేవతకు ఒక్కొక్కరి ఎత్తు బెల్లం ఇస్తామని ముత్తాత ఎప్పుడో మొక్కుకున్నాడు. ఇవాళ్టికీ ఎవరూ తప్పలేదు. బస్తాలు తూసే కాటా మీద పీట వేసి, పెద్దవాళ్ళ నుంచి మొదలుపెట్టి అందరినీ కూర్చోబెడతారు. ఆ బరువులు రాయడానికి ఒక పుస్తకం ఉంది. మాది తమిళనాడు కాబట్టి మాటలు తెలుగు, అక్షరాలు అరవం. తెలుగు అక్షరాలు నేను నలభై దాటాక సొంతంగా నేర్చుకున్నాను.

నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను. లెక్కలు చింతపండు మండీలో కాటా పక్కన నిలబడి నేర్చుకున్నవే. బస్తాల బరువు నోటితో కూడి, తరుగు తీసి చెప్పడం నా పని. కంప్యూటర్ వచ్చాక కూడా యజమాని ఒకసారి నన్ను అడిగిగానీ చీటీ ఇవ్వడు. అందుకే నాన్న తర్వాత ఇంటి పుస్తకం నాకు వచ్చింది.

పుస్తకానికి ఒక పద్ధతి ఉంది. కోడలు ఇంట్లోకి రాగానే కొత్త వరస మొదలవుతుంది. ఆడపిల్లకు పెళ్ళికాగానే ఆమె వరస మీద ఎర్ర సిరాతో గీత కొట్టేస్తాం. ఇక ఆమె వేరే దేవత మనిషి. ఆమె బెల్లం అక్కడ తూగాలి. మా అక్క వరస పందొమ్మిదో ఏట నలభై ఏడున్నర కిలోల దగ్గర ఆగిపోయింది. ఆ గీత కొట్టింది నాన్న.

అక్కను మారండహళ్ళి పక్క ఊరికి ఇచ్చాం. ఇద్దరు కొడుకులు. ఇప్పుడు ఆమెకు యాభై ఆరు. పోయిన ఏడు మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుంది. వెళ్ళే రోజు నా భార్య నన్ను పెరట్లోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. "వదినకు మళ్ళీ కనబడతా ఉందంట. నెలసరి నిలిచిపోయి నాలుగేండ్లయింది కదా. నాతో చెప్పింది, నీకు చెప్పొద్దనింది."

ఆ వారమే ఫోనులో ఒక వ్యాసం చదివి ఉన్నాను. మనిషిని లావుచేసే జన్యువుల తేడాలు తరం నుంచి తరానికి వస్తాయనీ, వాటివల్ల గర్భసంచి క్యాన్సర్ లాంటి కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు పెరగవచ్చనీ అందులో ఉంది. ఏది చదివినా మా ఇంటికి వేసి చూసుకోవడం నా అలవాటు. పుస్తకం దించాను. అవ్వ, అమ్మ, ఇద్దరు పిన్నమ్మలు, నా భార్య. ఐదుగురు ఆడవాళ్ళు, ముప్పై ఏళ్ళ బరువులు. కూడి భాగించాను. సగటు యాభై రెండు కిలోల చిల్లర వచ్చింది. ఆ ఐదుగురిలో ఎవరికీ ఆ జబ్బు రాలేదు. మళ్ళీ ఒకసారి కూడాను. తప్పు లేదు.

బస్టాండులో అక్కతో చెప్పాను. "మన వంశంలో లావు లేదక్కా. ఆ జబ్బూ లేదు. లెక్క వేసి చూసినాను."

"నేనేమి మరి? తొంభై ఉన్నాను. మొన్న రేషన్ షాపులో ఎక్కి చూసినాను, ముల్లు భయపడి అటు పక్కకు పోయింది."

"అది ఆ ఇంటి తిండి. మన రక్తం కాదు."

"అంతేనంటావా?"

"అంతే."

బస్సు ఎక్కింది. కిటికీలోంచి నవ్వుతూ చెయ్యి ఊపింది.

ఏడు నెలల తర్వాత ఆమె పెద్ద కొడుకు ఫోన్ చేశాడు. అమ్మ గుడ్డలు బకెట్‌లో చూశాను మామా అన్నాడు, అంతకంటే చెప్పలేకపోయాడు. ధర్మపురికి తీసుకొచ్చి ఆస్పత్రిలో చూపించాం. లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజులకు కాగితం వచ్చింది. గర్భసంచి క్యాన్సర్.

డాక్టరమ్మ తమిళంలో నిదానంగా మాట్లాడే మనిషి. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. నేను ఐదుగురి వివరాలూ చూడకుండానే అప్పజెప్పాను. ఆమె రాసుకోవడం ఆపి నా వైపు చూసింది.

"పిన్నమ్మలంటే ఎవరు? మీ నాన్న తమ్ముళ్ళ భార్యలా?"

"అవును."

"వాళ్ళు వేరే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. మీ భార్య కూడా అంతే. వాళ్ళ రక్తం మీ అక్కకు ఎట్లా వస్తుంది? మీ నాన్నకు అక్కచెల్లెళ్ళు లేరా?"

ఉన్నారు. ఇద్దరు మేనత్తలు. ఎర్ర గీతల కింద ఉన్నారు. పెద్దత్త కుర్చీలో పట్టేది కాదు, పెళ్ళిళ్ళలో ఆమెకు వేరుగా బెంచీ వేసేవాళ్ళు. చిన్నత్త హరూర్‌లో పోయింది. కడుపులో గడ్డ అన్నారు. చివరి రోజుల్లో మంచం కింద ఇసుక పోసి ఉండింది. ఎందుకని ఆ రోజు నేను అడగలేదు, మగవాళ్ళెవరూ అడగలేదు.

డాక్టరమ్మతో ఇదంతా చెప్పాను. నా గొంతు మండీలో బరువు చెప్పే గొంతులాగే ఉంది.

ఆమె ఒక కాగితం వెనక రాసి చూపించింది. లావును మోసుకొచ్చే జన్యువు ఒక్కటి కాదట. చాలా చోట్ల చిన్న చిన్న తేడాలు. ఒకటి ఆకలిని కొంచెం పెంచుతుంది, ఇంకొకటి కొవ్వు దాచుకునే తీరును కొంచెం మారుస్తుంది. విడివిడిగా చూస్తే ఏదీ లెక్కలోకి రాదు. అన్నీ ఒకే మనిషిలో చేరితే బరువు అటు మొగ్గుతుంది. నెలసరి ఆగిన తర్వాత ఆడవాళ్ళ ఒంట్లో కొవ్వే కొంత హార్మోను తయారుచేస్తుంది. ఆ హార్మోను గర్భసంచి లోపలి పొరను పెంచుతూ పోతుంది. అక్కడి నుంచి ముప్పు.

"అయితే అక్కకు దాంతోనే వచ్చిందా?" అన్నాను.

"అది చెప్పలేను. వెయ్యిమందిని చూసి మాట్లాడవచ్చు, ఒక్క మనిషి గురించి అట్లా చెప్పలేం. సన్నగా ఉన్నవాళ్ళకూ వస్తుంది. నిలిచిపోయిన తర్వాత రక్తం కనబడితే బరువు చూడకూడదు, వంశం చూడకూడదు. నేరుగా రావాలి. ఎన్నాళ్ళుగా ఉంది ఆమెకు?"

"ఎనిమిది నెలలు."

ఎందుకు ఆగారని ఆమె అడగలేదు. అడిగితే చెప్పడానికి నోట్లో మాట సిద్ధంగా ఉంది. అక్కడే ఉండిపోయింది.

ఆపరేషన్ చేశారు. గర్భసంచి గోడలో సగం కంటే లోతుకు దిగింది అన్నారు. ముందే వచ్చి ఉంటే ఎంత లోతు ఉండేదని అడిగాను. తెలియదన్నారు. ఆ తర్వాత సేలంలో కరెంటు పెట్టాలన్నారు. మా వైపు రేడియేషన్‌ని అట్లాగే అంటారు. ఇరవై ఐదు సార్లు. నేనే తోడు వెళ్ళాను. పొద్దున బస్సు, అక్కడ వరస, ఐదు నిమిషాల యంత్రం, మళ్ళీ బస్సు. ఆ రోజుల్లో నేను ఏడ్చినట్టు గుర్తులేదు. తిన్నాను, నిద్రపోయాను. అక్క బరువు వారానికి ఎంత తగ్గుతోందో మాత్రం అడగకుండానే కళ్ళు చూసేవి.

పదకొండో రోజు వరసలో కూర్చున్నప్పుడు చెప్పాను. "అక్కా, నేను తప్పు లెక్క వేసినాను. మన అత్తల్ని విడిచిపెట్టి కోడళ్ళను కూడినాను. నా మాట విని నువ్వు ఆగిపోయినావు."

ఆమె బిస్కెట్ నీళ్ళలో ముంచుకుని తింటోంది. తిని, చెయ్యి చీరకు తుడుచుకుంది.

"నీ లెక్క చూసి నేను ఆగినానా? ఏమి కలెక్టరువురా నువ్వు?"

"ఆగినావు కదా."

"భయమై ఆగినాను. కాదు అని ఎవరైనా ఒకరు చెప్తే చాలునని మీ ఇంటికి వచ్చినాను. నీ పెండ్లాం చెప్పలేదు, ఆస్పత్రికి పో అనింది. నువ్వు చెప్పినావు."

ఆమె మిగిలిన బిస్కెట్లు నా చేతిలో పెట్టింది.

"చిన్నత్త కూతురు ఉందే, హరూర్‌లో. అదీ నా మాదిరే ఉంటుంది, చూసినావా? పోయిన పెండ్లిలో నన్ను చూసి ఎవరో అది అనుకుని పలకరించినారు. దానికి చెప్పినావా?"

చెప్పలేదు. అక్క, ఆస్పత్రి, బస్సు, ఇంతవరకే నా లెక్క వచ్చింది.

"ఈ పొద్దే చెప్పు" అంది. లోపలి నుంచి పిలుపు వచ్చింది. లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఫోన్ చేశాను. మేనత్త కూతురు నాకంటే రెండేళ్ళు పెద్ద, వరసకు వదిన. అక్క సంగతి చెప్పేదాకా బాగానే చెప్పాను. ఆ తర్వాత అడగవలసిన మాట నోట్లోకి రాలేదు. ఒక మగవాడు వదినను ఆ మాట అడగడం మాలో లేదు. నా భార్య స్టవ్ ఆపి వచ్చి, ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. స్పీకర్ అట్లాగే ఉంది.

"అక్కా, నేను. సిగ్గుపడొద్దు. నిలిచిపోయిన తర్వాత మళ్ళీ ఏమన్నా కనబడిందా నీకు? ఒక్క చుక్కయినా సరే."

అవతల టీవీ సౌండు వినిపించింది. ఎవరో దాన్ని తగ్గించారు. తలుపు మూసిన చప్పుడు.

"మీ ఆయన ఉన్నాడా పక్కన?"

"వినిపించుకోడులే. చెప్పు."

నేను గుమ్మం దాటి బయటికి వచ్చి నిలబడ్డాను. అయినా వినబడింది.

"పొద్దున ఏ బస్సుకు రావాల?" అంది.