రంగు పోయేదాకా

పోయిన రిపబ్లిక్ డేకి హనుమకొండలో మా పాప చదివే బడిలో దేశం మొత్తాన్ని స్టేజీ ఎక్కించారు. నడుమ భారతమాత, చుట్టూ రకరకాల వేషాలు, చివర కోయ నృత్యం. రెండో తరగతి చదివే మా పాపకు భారతమాత వేషం మీద ఎంత ఆశంటే, ఎవరూ అడక్కుండానే ఆ వేషం చెప్పాల్సిన మాటలన్నీ కంఠతా పట్టేసింది. డ్యాన్సు నేర్పే మేడమ్ మాత్రం దానికి తెల్లటి పిల్ల కావాలని, మా పాపను కోయ గుంపులో వేసింది.

ఆ గుంపు పిల్లలు నల్లరంగు తెచ్చుకోవాలని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. మీ పాపకు అవసరం పడదులెండి అని నాకు విడిగా ఫోన్ చేసి నవ్వింది మేడమ్. ఒళ్లు మండిపోయింది. మేడారం పోయి, కోయ ఆడబిడ్డలైన తల్లులకు నిలువెత్తు బెల్లం తూచి మొక్కే ఊరు మాది. ఆవిడా పోతుంది, నేనూ పోతాను. మొక్కేటప్పుడు గుర్తురాని నలుపు స్టేజీ ఎక్కగానే ఎక్కడి నుంచి వస్తుందో!

అసలు వేషమే వద్దన్నాను. పాప ఏడ్చింది. చివరి గ్రూపు ఫొటోలో భారతమాత పక్కన నిలబెడతానని మేడమ్ మాటిచ్చిందట. సరే, వెయ్యమన్నాను.

రంగు పూసుకున్న పిల్లలు తలలకు ఈకలు కట్టుకుని హూ హూ అని ఎగురుతుంటే తల్లిదండ్రులంతా సెల్‌ఫోన్లు పైకెత్తారు. నాకు చూడబుద్ధి కాలేదు. ఫొటోకు ముందు అందరూ మొహాలు కడుక్కుని రావాలని మేడమ్ మైకులో చెప్పింది. పిల్లలు కుళాయి దగ్గరికి పోయి, తెల్లబడి వచ్చి వరసలో నిలబడ్డారు. ఆ వరసలో మా పాప లేదు.

వెతుక్కుంటూ పోతే కుళాయి దగ్గర ఒక్కతే సబ్బుతో మొహం రుద్దుకుంటోంది. బుగ్గలు కమిలిపోయాయి. ఏం చేస్తున్నావే అన్నాను.

"నేను వరసలనే నిలవడ్డనమ్మా. ఇంకా పోలేదు, మంచిగ కడుక్కొని రాపో అని మేడమ్ మల్ల పంపింది."

నీకు రంగే పూయలేదని చెప్పలేదా అంటే, మేడమ్ వినలేదంది.

ఆవిడను నలుగురిలో కడిగేద్దామని స్టేజీ వైపు తిరిగాను. అప్పుడే జాతీయగీతం మొదలైంది. గ్రౌండంతా కదలకుండా నిలబడింది. నేనూ పళ్లు నూరుకుంటూ ఉన్నచోటే ఆగిపోయాను. వెనక నుంచి పాట వినిపించింది. మొహం నిండా నురగతో, మంటకు కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు రెండూ పక్కలకు ఆనించి, నా బిడ్డ అందరికంటే గట్టిగా పాడుతోంది.