ఆ మేడం ఏమోళ్లు?

గోదావరిఖనిలో మందుల షాపు పైన అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో మా కౌన్సెలింగ్ నడుస్తుంది. ఒక గది నాది, రెండోది ఈ ఏడు చేరిన నా తోటి కౌన్సెలర్‌ది. ఆమె నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. నేను పెరిగింది కిరాణం కొట్లో. మెట్టెక్కే మనిషి కొంటాడో, ధర అడిగి పోతాడో చెప్పులు చూసి చెప్పగలనని నాకో పొగరు.

మా దగ్గరికి వచ్చేవాళ్లు తమ బాధ చెప్పుకునే ముందు ఒక మాట అడుగుతారు: "ఆ మేడం ఏమోళ్లు?" ఆమెది దళిత కుటుంబం. సంగతి తెలియగానే కొందరు "మీకాడనే కూసుంటం" అంటూ నా గదిలోకి వచ్చేశారు. గిరాకీని వెనక్కి పంపడం మా వంశంలో లేదు కదా, కూర్చోబెట్టుకున్నాను. ఆమె ఎదుటి కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

"ఇంకో నెల గిట్లనే ఉంటె, నేను మళ్ల బడిల పాఠాలు చెప్పుకుంట అక్కా" అంది.

ఆమెను పోనివ్వకూడదనుకున్నాను. దుకాణం తెలివి బయటికి తీశాను. ఆ ప్రశ్న పడగానే మాట మళ్లించడం మొదలుపెట్టాను.

ఒకరోజు రిటైరైన గని కార్మికుడొకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే చెప్పులు. ఈయనా నా గదికే వస్తానంటాడని లెక్క వేసేశాను.

"ఆ మేడం ఏమోళ్లు బిడ్డా?"

"చాయ్ తాగు కాకా."

"తాగే వచ్చిన."

"ఏ ఊరు మీది?"

"ఊరు సంగతి తర్వాత. అడిగింది చెప్పు."

"మోకాళ్లు ఎట్లున్నయి?"

ఆమె గదిలోంచి బయటికి వచ్చింది. "నువ్వు జర ఆగు అక్కా. మేం ఎస్సీలం కాకా. కూసుంటవా, పోతవా?"

ఆయన ముఖం విచ్చుకుంది. "మేమూ గదే బిడ్డా. గందుకే అడిగిన. ఇంతకుముందు ఇంకో కౌన్సెలింగ్ సారు దగ్గరికి పోయిన. మా వియ్యంకునోళ్లది వేరే కులం, ఆళ్ల ఇంట్ల అందరికి స్టీలు గ్లాసులిచ్చి, నాకు కాయితం కప్పు ఇచ్చిండ్రని చెప్పిన. 'మీకు అలా అనిపించి ఉంటుంది' అన్నడు. అనిపించుడేంది? కప్పు నా చేతులనే ఉండె."

"లోపలికి రా కాకా. మొదటికెల్లి చెప్పు."

ఆయన కోసం నేను పట్టుకున్న చాయ్ కూడా కాయితం కప్పులోదే. మా దగ్గర అందరికీ అవే. అయినా గబగబా నేనే తాగేసి నోరు కాల్చుకున్నాను.

ఆయన వెళ్లాక ఆమె తన షరతు చెప్పింది. "ఎవరడిగినా జవాబు నేనే చెప్త. నన్ను కాదన్నోళ్లను నువ్వు కూసోబెట్టుకోవద్దు."

"ఒకరిద్దరిని?"

"ఒక్కరిని గూడ."

"జర తగ్గు."

"తగ్గ."

తగ్గలేదు. బడి మాట మళ్లీ ఎత్తలేదు కూడా.

తర్వాతి వారం కాక లోపల ఆమెతో మాట్లాడుతుండగా, ఒకావిడ వచ్చి నా దగ్గరైతేనే కూర్చుంటానంది.

"నీ వంతు ఆ మేడంకాడ అక్కా. ఆమెకాడనే కూసోవాలె."

ఆవిడ గిర్రున తిరిగి మెట్లు దిగింది.  వెనక్కి పిలవబోయి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"ఊపిరి తీసుకో అక్కా" పక్క గదిలోంచి ఆమె గొంతు. "మెల్లగ."

కాక నవ్వు నా గదిదాకా వినిపించింది.