ఈశాన్యానికి జరపమన్న వంక

ఈ రోజు పెనుకొండ దగ్గర ఒక లేఅవుట్ తనిఖీ జరుగుతుంటే వార్త కోసం వెళ్లాను. నీటి నిర్వహణ, స్థల ప్రణాళిక చదివి, లేఅవుట్లు తనిఖీ చేసే కార్యాలయంలో కాంట్రాక్టు ఉద్యోగానికి చేరిన సుజాత, నైరుతి మూలగా వాననీళ్లు చెరువుకు పోయే వంకను మ్యాపులో గుర్తించింది. అక్కడ ప్లాట్లు వేయకూడదని చెప్పింది.

లేఅవుట్ యజమాని వాస్తు పేరు చెప్పి బతిమాలాడు. "నైరుతిలో నీళ్లుండాయంటే ఎవురు కొంటారమ్మా? వంకను మ్యాపులో ఈశాన్యానికి జరుపు తల్లీ."

"జరుపుతాలే అన్నా. వాననీళ్లకు నువ్వు చెప్తావా, ఈడికి రావొద్దని?"

సాయంత్రానికి పై అధికారి ఆ ఫైలును ఇంకొకరికి అప్పగించాడు. కాంట్రాక్టు పొడిగింపు సంగతి తర్వాత చూద్దామని ఆమెతో అన్నాడట.

యజమాని చెప్పిన ఈశాన్యంలో గుట్ట ఉంది. నీళ్లను గుట్ట ఎక్కించే చదువు ఎక్కడైనా ఉంటే చెప్పండి. ఈ అమ్మాయి ఉద్యోగం నిలవాలంటే అదే చదవాలేమో.