బూజు మీద బూజు

మా పెద్దమ్మ శాస్త్రవేత్తగా పనిచేసే పంట తెగుళ్ల ల్యాబులో అందరిదీ ఒకటే పద్ధతి. తుప్పు తెగులు సోకిన ఆకు మీద తెల్లబూజు కనబడిందా, నమూనా పాడైపోయిందని చెత్తబుట్టలో పడేయడమే. పెద్దమ్మ మాత్రం వాటిని ఏరి తెచ్చుకునేది. ల్యాబు పెద్దసారు ఆవిణ్ని బూజమ్మ అని వెక్కిరించేవాడు. ఇంట్లో పెదనాన్నదీ అదే పాట. "ఇంట్లో బూజు దులపడానికి తీరదు గానీ, అక్కడ పనిగట్టుకుని పెంచుతుంది."

ఆవిడ ఎవరి మాటా చెవిన పెట్టే రకం కాదు. మైక్రోస్కోపు కింద చూస్తే ఆ తెల్లబూజు ఆకు జోలికే పోవడం లేదు, ఆకుని తినే తుప్పు తెగులునే తింటోంది. ఆ తుప్పు తెగులూ ఒక రకం బూజే.

"తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారట్రా?" అంది నాతో.

ఆ తెల్లబూజుకి విత్తనాల్లాంటి సిద్ధబీజాలు తెలిసిన ఏ జాతినీ పోలలేదు, జన్యువులూ కలవలేదు. కొత్త జాతి అని పేరు పెట్టి వ్యాసం పంపితే, పరిశోధన పత్రికవాళ్లు నానా ప్రశ్నలూ వేసి, చివరికి ఒప్పుకుని అచ్చువేశారు.

ఏ నమూనాని చూసి కొత్త జాతికి పేరు పెట్టారో, దాన్ని కలకాలం భద్రంగా దాచాలి. అలా చెత్తబుట్ట ఆకు కాస్తా కవరులో చేరి, తాళం వేసిన బీరువాకెక్కింది. తాళంచెవి పెద్దమ్మ దగ్గరే ఉంటుంది.

మొన్న పెద్దసారు అతిథుల్ని వెంటేసుకొచ్చి, పెద్దమ్మ చేత బీరువా తీయించి, "మా ల్యాబు కనిపెట్టిందే" అంటూ ఆకు కవరు మీద చెయ్యి వెయ్యబోయాడు. పెద్దమ్మ కవరు వెనక్కి తీసుకుంది.

"ముందు చేతులు కడుక్కుని రండి సార్. నమూనా పాడైపోతుంది."

వెళ్లి కడుక్కొచ్చాడు.