నాలుగు వేళ్ల సందు

కృష్ణానగర్ నుంచి ఫిల్మ్ నగర్ షూటింగులకి మా జూనియర్ ఆర్టిస్టుల్ని వ్యానులో తీసుకెళ్లే డ్రైవరన్న పేరు నేనెప్పుడూ అడగలేదు. అతని చెయ్యి మాత్రం మరిచిపోలేను. అందరం ఎక్కాక వెనక చక్రం దగ్గర వంగి, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేళ్లు దూర్చి చూసేవాడు.

"ఖాళీగుంటె బండి ఎగిరెగిరి పడ్తది. మంది ఎక్కువైతె కింద స్ప్రింగు కమాన్లు కూసుంటయ్, గుంత తగిల్తె మీ నడుములు పోతయ్. నాలుగు వేళ్లు పట్టాలె," అనేవాడు.

ఒకరోజు పెళ్లి సీనుకని, మాకు వేషాలిప్పించే ఏజెంటు పదిమంది పట్టే ఆ బండిలో పద్దెనిమిది మందిని కుక్కాడు. పట్టుచీరల్లో ఒకరి ఒళ్లో ఒకరం, ఊపిరాడ్డం లేదు. అన్న చెయ్యి పెడితే ఒక్క వేలే పట్టింది.

"జర ఇద్దరు దిగుండ్రి."

ఎవరూ కదల్లేదు. దిగినవాళ్లని ఏజెంటు మళ్లీ పిలవడు. అన్న నడిపే బండి కూడా ఆ ఏజెంటుదే. అతను వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"పోనీ అన్నా, టైమైపోతోంది," అని తొందరపెట్టింది నేనే.

"నేనింకా ఎక్కనే లేదు చెల్లె," అన్నాడు.

తర్వాత ఎక్కాడు. మా అందరి కిందా బండి ఇంకాస్త కుంగింది.