వదినకు పడని కంప్యూటర్

ఇరవై ఏళ్లు దాటింది ఒక అబద్ధాన్ని మోయబట్టి. చూడటానికి చిన్నదే. గట్టిగా అన్నా పక్కగదికి కూడా వినిపించనంత చిన్న మాట. అమ్మకు చెప్పలేదు, పెళ్లయ్యాక మా ఆయనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, కాబట్టి మీకు చెప్తున్నాను. అయితే ముందే ఒక మాట. ఇందులో నేను సిగ్గుపడేది కొంత ఉంది, అస్సలు సిగ్గుపడనిది కొంత ఉంది. రెండూ కలిపి నా నెత్తిన రుద్దకండి.

మాది చౌటుప్పల్ దగ్గర ఒక నేతగాళ్ల ఊరు. ఇంట్లో బాపు, అమ్మ, అన్న, వదిన, నేను. మా చీరలకు నూలును ముందే ముడులు కట్టి రంగులో ముంచుతారు, ఆ తర్వాతే అది మగ్గమెక్కుతుంది. చిటికి కట్టడం అంటారు దాన్ని. ఏ పోగు మీద ఎక్కడ ముడి పడాలో చెప్పేది గడుల కాగితం మీద గీసిన బొమ్మ. ఒక్క గడి తప్పితే నెమలి మెడ విరిగినట్టు వస్తుంది. మా ఇంట్లో ఆ బొమ్మలు గీసేది వదిన. పదో తరగతి తప్పిన మనిషి. కానీ పెన్సిలు పట్టిందంటే రబ్బరుతో పని ఉండేది కాదు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే పక్కన పీట వేసుకుని గీసేది.

తొంభైల చివర్లో చీరల వ్యాపారులు అన్నకు కొత్త పాట మొదలుపెట్టారు. బొమ్మలు కంప్యూటర్‌లో గీసిస్తే రంగులు అప్పటికప్పుడు మార్చి చూసుకోవచ్చు కదా అని. అన్న చాలా రోజులు ఆలోచించి సరే అన్నాడు. వదిన కోసం కొంటున్నానని బాపు ముందరే చెప్పాడు. మా ఇంట్లో మగవాడు భార్య పని కోసం ఒక వస్తువు కొంటాననడం నేను అదే మొదటిసారి వినడం. వదిన ముఖం అటు తిప్పుకుంది, నవ్వు కనబడకుండా.

ఇక నా సంగతి. డిగ్రీ అయిపోయి, బస్సులో దిల్‌సుఖ్‌నగర్ పోయి కంప్యూటర్ కోర్సు చేస్తున్నాను. క్లాసు అయ్యాక అబ్బాయిలు ఒక కంప్యూటర్ ముందు చేరి కార్ల పందెం ఆడేవాళ్లు. నేను వెనక నిలబడి చూసేదాన్ని. "నీ బస్సు పోతది చూస్కో" అనేవాళ్లు. ఒకే ఒక్కసారి, ఎవరూ లేనప్పుడు, ఆ కుర్చీలో కూర్చున్నాను. కారు మలుపు తిరిగితే నా ఒళ్లంతా దానితోపాటు ఒరిగింది. అప్పటిదాకా నా బతుకులో నేను తిప్పితే తిరిగిన వస్తువు ఏదైనా ఉందా? చదువు బాపు ఎంచాడు, బట్టలు అమ్మ ఎంచింది, బస్సు టైము అన్న ఎంచాడు. ఆ ఆట నాకు కావాలనిపించింది. ఆకలి వేసినట్టు కావాలనిపించింది.

కంప్యూటర్ గురించి ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కాబట్టి సామాను ఎంచే పని నా మీద పడింది. కంపెనీవాళ్లు బిగించి అమ్మే పెట్టె మా తాహతుకు అందదు. విడి భాగాలు కొని బిగించుకోవాలి. సికింద్రాబాద్ దుకాణంలో అద్దాల బల్ల ముందు నిలబడినప్పుడు, నా చేతిలో ఎంత అధికారం ఉందో నాకు ఒక్కసారిగా తెలిసింది. బొమ్మలు గీసుకోవడానికి పెద్ద తెర ఉంటే చాలు, మిగతాది మామూలుది అయినా నడుస్తుంది. ఆటకు అలా కాదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. అది లేకపోతే కారు పరుగెత్తదు, ఎక్కిళ్లు పెట్టినట్టు పోతుంది.

ఆ కార్డు కోసం ఒక్కొక్కటీ కోస్తూ వచ్చాను. డబ్బా రేకుది చాలన్నాను. కీబోర్డు ఏదైతేనేమి అన్నాను. ప్రాసెసర్ ఒక మెట్టు కిందికి దించాను. మా ఊళ్లో ఎవరింట్లోనూ ఫోనే లేదు, మోడెమ్ ఎందుకన్నాను, అది నిజమే. అయినా కార్డుకు డబ్బు చాలలేదు. ఇక మిగిలింది తెర. కొత్తది పెద్దది ఒకటి ఉంది. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన చిన్నది ఇంకొకటి ఉంది. అన్న ఆటో మాట్లాడటానికి కిందికి పోయాడు. దుకాణం భాయ్ ఆ పాతది వెలిగించి చూపించాడు. మంచి మనిషి, దాచలేదు.

"అమ్మా, ఆటకైతే గిది నడుస్తది. గడులు గడులు పెట్టి పెద్ద బొమ్మ మొత్తం చూడాలంటే మాత్రం తెర వణుకుతది. కండ్లు గుంజుతయి. డిజైన్ పనికంటున్నరు, కొత్తది తీసుకోర్రి."

ఇదే ఇవ్వమన్నాను. అన్న పైకి వచ్చాక రెండు తెరలకూ పెద్ద తేడా లేదని చెప్పాను. ఆయన నా మాట మీద తల ఊపాడు. కార్డు పేరు అడగలేదు. అడిగినా, లోపల ఉండాల్సిన సామానే అని చెప్పేదాన్ని.

ఇప్పుడు మీరు ముక్కు మీద వేలేసుకుంటే వేసుకోండి. ఇక్కడిదాకా నాకు పశ్చాత్తాపం లేదు. మధ్యాహ్నాలు అన్న నూలు కోసం చౌటుప్పల్ పోయేవాడు, పక్కగదిలో మగ్గాల చప్పుడు కారు చప్పుడును మింగేసేది. ఆ గంట నాది. ఇరవై ఏళ్ల పిల్ల తనకు నచ్చిన ఆట ఆడుకుంది. మగపిల్లవాడు అదే పని చేస్తే మా ఇంట్లోనే "పోనీ తియ్, పోరడు" అనేవాళ్లు. దానికి నేను ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

వదిన నేర్చుకోవడం మొదలుపెట్టింది. మౌస్ పట్టుకోవడానికి రెండు రోజులు తంటాలు పడింది, ఆ తర్వాత నేను చెప్పాల్సిన అవసరం తగ్గిపోయింది. పొద్దున వంట ముగించి, చేతులు కడుక్కుని, కుర్చీకి దండం పెట్టినంత పని చేసి కూర్చునేది. బొమ్మ మొత్తం ఒకేసారి కనబడితేనే గీయగలనంది. అంచు నుంచి కొంగు దాకా ఒక చూపులో పడాలి ఆమెకు. అందుకని తెర మీద వీలైనన్ని గడులు పట్టేలా పెట్టాను. దుకాణం భాయ్ చెప్పినట్టే తెర వణకడం మొదలుపెట్టింది.

మొదట కొంగుతో అద్దం తుడిచేది. తర్వాత కణతలు నొక్కుకునేది. కరెంటు సరిగ్గా లేకనేమో అని అన్న స్టెబిలైజర్ తెచ్చాడు. వణుకు పోలేదు. వదిన మధ్యాహ్నానికే తలకు గుడ్డ కట్టుకుని పడుకోవడం మొదలైంది. ఒకరోజు ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"పిల్లా, నీకు గూడ గీ గడులు వణుకుతున్నట్టు కొడ్తదా?"

"లేదు వదినా. నాకైతే మంచిగనే కనబడుతది."

"మరి నా కండ్లకే ఏమైందో."

అంతే. ఇదే ఆ మాట. నేను మోసింది దీన్నే.

పూర్తిగా అబద్ధం కూడా కాదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆట ఆడేటప్పుడు తెర నిజంగానే నిలకడగా ఉండేది. ఆటకు అన్ని గడులు అక్కర్లేదు కదా. కానీ ఆమె అడిగింది ఆట గురించి కాదు. ఆ గడులనే చూపిస్తూ అడిగింది. అవి వణుకుతున్నాయి. నా కళ్ల ముందే వణుకుతున్నాయి.

కళ్ల దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు చూసి కళ్లలో ఏ లోపమూ లేదన్నాడు. లోపం ఉందన్నా బాగుండేది. బస్సు దిగి ఇంట్లోకి వస్తూనే అన్న అన్నాడు, "కండ్లు మంచిగున్నయంట. ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ కథ." అమ్మ కూడా అందుకుంది, కూర్చుని చేసే పనికి కూడా వంకలేనా అని. వదిన చెప్పులు విప్పి లోపలికి పోయింది. ఆ ఇంట్లో మద్దెల నిజంగానే ఓడని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఎందుకు నోరు విప్పలేదు? తెర పాతదని చెప్తే ఎందుకు కొన్నావంటారు, దుకాణానికి తీసుకుపోతారు, కార్డు సంగతి బయటపడుతుంది. ఇది నేను చాలా కాలం నాకు చెప్పుకున్న కారణం. భయపడిన ఆడపిల్ల అనుకుంటే నా మీద నాకే జాలి కలిగేది, హాయిగా ఉండేది. ఇంకొక కారణం ఉంది. వదినకు కంప్యూటర్ పడకపోతే అది మొత్తం నాదవుతుంది. ఈ మాట అప్పుడు నా మనసులో స్పష్టంగా ఉందా? ఉంది. లేదని రాద్దామని ఇప్పుడే ఒకసారి అనుకున్నాను. ఉంది.

నాదే అయింది. వదిన మళ్లీ పీట దగ్గరికి, గడుల కాగితం దగ్గరికి పోయింది. ఆమె గీసిన కాగితాలు చూసి నేను కంప్యూటర్‌లోకి ఎక్కించేదాన్ని. నాకు మొత్తం ఒకేసారి కనబడాల్సిన పని లేదు, పక్కన ఆమె కాగితం ఉంది కదా, తక్కువ గడులతో ముక్క ముక్కగా చేసేదాన్ని. అన్న ఆ డిజైన్లు తీసుకుపోతే వ్యాపారులు "మీ చెల్లె చేతిల కళ ఉన్నది" అన్నారట. వదిన ఆ మాట విని నన్ను మెచ్చుకుంది. ఆ పని చూపిస్తేనే నాకు హైదరాబాద్‌లో చీరల డిజైన్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. నా జీతం, నా కాళ్ల మీద నా నిలబడటం, అన్నీ అక్కడినుంచి వచ్చినవే. వాటిని వదులుకుంటానా? వదులుకోను. వదులుకుంటానంటే అదింకో అబద్ధం.

ఒక్కటే నన్ను తినేస్తుంది. ఆమెకు మౌస్‌తో రెండు నొక్కులు చూపించి ఉంటే సరిపోయేది. గడులు తగ్గించి, బొమ్మను పక్కకు జరుపుకుంటూ చూడటం నేర్చుకునేది. కష్టపడేది, కానీ నేర్చుకునేది. నా ఆట నాకు ఉండేది, ఆమె పని ఆమెకు ఉండేది. ఎవరికీ ఏమీ పోయేది కాదు. నేను ఆ రెండు నొక్కులు దాచుకున్నాను.

మొన్న ఊరికి పోయాను. వదిన కోడలు కొత్త ఫోన్ తెచ్చి, ఇందులో డిజైన్లు బోలెడు ఉన్నాయి చూడు అత్తమ్మా అని ముందు పెట్టింది. వదిన చేత్తో పక్కకు నెట్టింది. "నాకు గవి పడవు బిడ్డా. నా కండ్లు మొదటి నుంచి గంతే. మీ చిన్నత్తనడుగు, ఆమెకు ఎరుకే." నా చేతిలో అన్నం పళ్లెం ఉంది. కోడలు నా వైపు చూసింది. నేను అవునన్నట్టు తల ఊపాను. ఇన్నేళ్ల తర్వాత, ఎవరూ నన్ను ఏమీ చేయలేని వయసులో, మళ్లీ అదే పని చేశాను. తల ఊపి అన్నం తిన్నాను.

పోయి ఆమెతోనే చెప్పొచ్చు కదా అంటారు. చెప్తే ఆమె నవ్వి ఊరుకుంటుంది, నాకు తెలుసు. నా బరువు దిగుతుంది, ఆమెకు మాత్రం తన కళ్లను తానే అనుమానించుకున్న ఏళ్లు మిగులుతాయి. ఆమె మేలు కోరి ఆగాననడం లేదు. నాకు ధైర్యం లేదు. ఏదో ఒకరోజు వస్తుందేమో, రాదేమో. క్షమించమని మిమ్మల్ని కూడా అడగను, క్షమించడానికి మీరెవరు? ఎక్కడో ఒకచోట ఇది రాసి ఉండాలి, అంతే నాకు కావాల్సింది. రాస్తుంటే ఊపిరి కొంచెం బాగా ఆడుతోంది.

వదిన కళ్లు బాగానే ఉన్నాయి. అప్పుడూ బాగానే ఉన్నాయి. ఆమె వంకలు పెట్టలేదు. తెర వణికింది, నేను చూశాను.