పొడుగు మోత, పొట్టి మోత

మా మావయ్యని ఇష్టపడటం కష్టం. ఆయన కూడా ఎవరినీ ఆ కష్టం పడమని అడగలేదు. అమ్మ పోయాక నన్ను తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టుకున్నాడు కానీ, తొమ్మిదో తరగతి పుస్తకాలున్న అట్టపెట్టె మాత్రం విప్పనివ్వలేదు. "చదివి ఏ సీట్లో కూర్చుంటావే? ముందు సీట్లోనా, వెనక సీట్లోనా?" అన్నాడు. మర్నాడే పెద్దాయన మేడమీద బట్టలు ఇస్త్రీ చేసే పనిలో కుదిర్చాడు.

పెద్దాయనంటే మావయ్య కారు నడిపే యజమాని. నీళ్ళ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది ఆయనకి. మేడ వెనక కారు షెడ్డు, షెడ్డు పైన రెండు గదులు. ఆ గదుల్లో మావయ్య, అత్తయ్య, నేను. డ్రైవరు ఉద్యోగం ఉన్నన్నాళ్ళే ఆ గదులు మావి. క్యాలెండరు తగిలించడానికి మేకు కొట్టబోయినా అత్తయ్య "మన గోడ కాదు" అని చెయ్యి పట్టుకునేది.

మావయ్య లారీ క్లీనరుగా మొదలుపెట్టి, లారీ తోలి, బస్సు తోలి, చివరికి ఆ పొడుగాటి నల్ల కారు స్టీరింగు ముందుకొచ్చాడు. ఎనిమిది సిలిండర్ల ఇంజను. అత్తయ్య గురించి జీవితంలో ఒక మంచి మాట చెప్పి ఉండడు కానీ, ఆ ఇంజను గురించి అడిగితే అన్నం చల్లారిపోయేదాకా చెప్పేవాడు. ఆయన నడకే మారిపోయింది. పెద్దాయన ఇంటి వంటాయన "ఎనిమిది సిలిండర్లు వస్తున్నాయి, దారి ఇవ్వండర్రా" అనేవాడు, ఆయనకి వినపడనంత దూరం నుంచి.

పొద్దున్న పెద్దాయనని పిలవడానికి మావయ్యకి ఒక పద్ధతి ఉండేది. యజమానికి హారన్ కొట్టడం ఆయన దృష్టిలో ఒరేయ్ అని పిలవడంతో సమానం. ఫోను చెయ్యడం అంతకన్నా హీనం. అందుకని కారుని పెద్దాయన కిటికీ కింద నిలబెట్టి, ఒక పొడుగు మోత, ఒక పొట్టి మోత వచ్చేలా యాక్సిలరేటరు తొక్కేవాడు. కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. పెద్దాయన గదికి ఎదురుగా ఉన్న ఇస్త్రీ గదిలోంచి నేను చూసేదాన్ని. పెద్దాయన అప్పటికే బూట్లు వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, మంచం అంచున కూర్చుని ఉండేవాడు, బడిగంట కోసం చూసే పిల్లాడిలా. పొడుగు మోతకి లేచి నిలబడేవాడు. పొట్టి మోత అయ్యేసరికి గుమ్మం దాటేవాడు.

ఈ ఏర్పాటు గురించి ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకున్నట్టు ఎవరికీ తెలియదు. "అంత మనిషిని నా కాలి బొటనవేలు లేపుతుంది" అని మాత్రం మావయ్య ఒకసారి అత్తయ్యతో అన్నాడు. ఆ ఇంట్లో ఆయన చెప్పడం, పెద్దాయన వినడం అనేది ఏదైనా ఉంటే, అదొక్కటే.

తర్వాత ఫ్యాక్టరీ పెత్తనం పెద్దాయన కూతురి చేతికొచ్చింది. ఆవిడ ముందు చేసిన పని ఆ కారుని అమ్మెయ్యడం. అదే పొడుగు, అదే నలుపుతో కొత్తది తెప్పించింది. తేడా అంతా మూత కింద ఉంది. నాలుగే సిలిండర్లు, పక్కన గుండ్రంగా ఒక టర్బో. మావయ్యని పిలిచి, బానెట్టు ఎత్తించి, ఆవిడే చూపించింది. ఇంజన్లోంచి బయటికి పోయే పొగ పోతూ పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుందట. దాంతోపాటు తిరిగే ఇంకో చక్రం బయటి గాలిని ఇంజన్లోకి తోస్తుందట. అందుకని సగం ఇంజనుతోనే పాతదానికి మించిన బలం.

మావయ్య చేతులు కట్టుకుని విన్నాడు. షెడ్డులోకి వచ్చాక ఉమ్మేసి, "ఎంగిలి గాలి తాగి బతికే ఇంజను" అన్నాడు. వంటాయన "అన్నగారి కోటు వేసుకున్న తమ్ముడులా ఉందిలే" అంటే, నవ్వకుండా అతని చేతిలో టీ గ్లాసు లాక్కుని మట్టిలో పారబోశాడు.

ఆ మాటలు కూతురిదాకా వెళ్ళాయో ఏమో, మర్నాడు ఆవిడ తాళం ఇస్తూ, "నాకు నడపడం వచ్చు. నాన్న అలవాటు పడ్డారని మిమ్మల్ని ఉంచాను. కారు మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా నేనే నడుపుకుంటాను" అంది. అత్తయ్య ఆ రోజు నుంచి గోడలకేసి చూడటం కూడా మానేసింది.

ఆశ్చర్యమేమిటంటే, మొదటిసారి నడిపొచ్చాక మావయ్య కాస్త మెత్తబడ్డాడు. తలుపులు వేసుకుని తొక్కితే లోపల పాత కారు మోతే వచ్చిందట. "మనిషి పొట్టే కానీ గొంతు మాత్రం పాతదే" అని ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్న నేను చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. కిటికీ కింద నుంచి, పక్కింట్లో ఎవరో మిషను మీద బట్టలు కుడుతున్నట్టు సన్నని చప్పుడు వచ్చి ఆగిపోయింది. పెద్దాయన మంచం అంచున కూర్చునే ఉన్నాడు. గడియారంకేసి చూశాడు, కిటికీకేసి చూశాడు. మళ్ళీ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. చాలాసేపటికి మొహం ఎర్రగా చేసుకుని దిగి వెళ్ళి, "ఏం, ఇవాళ నీకింకా తెల్లవారలేదా?" అని కసిరాడు.

మావయ్య అద్దాలన్నీ ఎత్తుకుని, వీధి లేచిపోయేంత మోత చేశాననుకుంటున్నాడు. ఇంటికొచ్చి, "ముసలాయనకి చెవుడొచ్చింది. లేకపోతే కావాలని కూర్చోబెడుతున్నాడు" అన్నాడు. నాకు మేడమీద వినపడేదే తెలుసు, ఆయనకి కార్లో వినపడేదే తెలుసు. ఆ రెండూ వేరని ఎవరికి తోస్తుంది?

అప్పటి నుంచి పంతం మొదలైంది. పెద్దాయన ఎంత ఆలస్యంగా దిగితే మావయ్య మర్నాడు అంత గట్టిగా తొక్కేవాడు. చలికాలం, పొద్దున్నే ఇంజను మంచుముద్దలా ఉండేది. స్టార్టు చెయ్యగానే, తేలుని చంపుతున్నట్టు కాలు బిగించి తొక్కేవాడు. పైన పెద్దాయన బూట్లతో నేలని తన్నుకుంటూ కూర్చునేవాడు. కార్లో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. "నీ డ్రైవరుకి కొవ్వు పట్టింది" అని పెద్దాయన కూతురితో అనడం నేను విన్నాను. మావయ్యకి చెప్పలేదు. ఆయనకి ఏం చెప్పినా తిట్లు కొని తెచ్చుకోవడమే.

చివరికి ఒకరోజు ఫ్యాక్టరీ దగ్గర ఎత్తు రోడ్డు మీద, వెనక సీట్లో పెద్దాయన అతిథులు ఉండగా, కారు ఈల వేసి, నీలంగా పొగ కక్కి, ఎద్దులా మొరాయించింది. లారీలు దాటుకుంటూ పోయాయట. కూతురు సర్వీసు సెంటరు మెకానిక్‌ని షెడ్డుకే పిలిపించింది.

నేను ఇస్త్రీ బట్టలతో దిగేసరికి అందరూ అక్కడే ఉన్నారు. మెకానిక్ ఒక గొట్టం విప్పి, లోపలికి వేలు పెట్టి, టర్బో చక్రాన్ని కదిపాడు. అది వదులైన పన్నులా ఆడింది. అది అలా ఆడకూడదనీ, పల్చని నూనె పొర మీద నిలబడి తిరగాలనీ చెప్పాడు. పొద్దున్నే నూనె చిక్కగా ఉన్నప్పుడు ఎవరైనా గట్టిగా తొక్కుతున్నారా అని అడిగాడు.

మావయ్య అబద్ధం ఆడడు. మంచితనం వల్ల కాదు, పొగరు వల్ల.

"నేనే తొక్కుతున్నా. అయ్యగారికి వినపడొద్దూ?"

మెకానిక్ నవ్వాడు. "ఎక్కడ వినపడుతుందండీ? ఆ మోత ఇంజనుది కాదు, స్పీకర్లది. లోపల కూర్చున్నవాళ్ళ సరదా కోసం పెట్టారు."

గొట్టం బిగించి, మావయ్యని బయట నిలబెట్టి, తను లోపల కూర్చుని తొక్కాడు. పొగతో పాటు కుట్టుమిషను చప్పుడు వచ్చింది. తర్వాత మావయ్యని కూర్చోబెట్టి, తెర మీద ఏదో నొక్కి స్పీకర్లు ఆపేసి, ఇప్పుడు తొక్కమన్నాడు. అద్దంలోంచి మావయ్య మొహం నాకు కనిపిస్తూనే ఉంది. పాదం కదిలింది. మొహం మాత్రం కదల్లేదు. దిగి, ఎవరివైపూ చూడకుండా అన్నాడు: "ఇన్నాళ్ళూ రేడియో తొక్కానన్నమాట."

వంటాయన కిసుక్కున నవ్వాడు. కూతురు నవ్వలేదు. తండ్రివైపు తిరిగి, "మీకోసమే తొక్కేవాడట. నిజంగా మీరు ఆ మోత విని దిగేవారా?" అని అడిగింది.

పెద్దాయన ఒక్కొక్కరి మొహం చూశాడు. మెకానిక్ మొహం దగ్గర కాసేపు ఆగాడు. అవునన్న ఆ ఒక్క మాట మీదే మా గదులు ఆధారపడి ఉన్నాయి.

"నేనా? నేను గడియారం చూసుకుని దిగుతాను. వీడి మోతలతో నాకేం పని?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మోత వినపడితేనే లేచేవారు అయ్యగారూ. బూట్లు వేసుకుని మంచం అంచున కూర్చునేవారు."

పెద్దాయన నావైపు చూడలేదు. కూతురు నా చేతిలో బట్టలకేసి చూసింది. మావయ్య మాత్రం గిర్రున తిరిగాడు.

"నోర్ముయ్. నీ సాక్ష్యం ఎవడడిగాడు?"

జేబులోంచి తాళం తీశాడు. కూతురు చెయ్యి చాపితే ఆ చేతిలో పెట్టకుండా బానెట్టు మీద పెట్టాడు. "మంచిది అయ్యగారూ. గడియారంతోనే తిరగండి" అన్నాడు.

గదులు ఖాళీ చెయ్యడానికి కాస్త గడువిచ్చారు. అత్తయ్య మేకులు లేని గోడలకి ఆనుకుని సామాను కట్టింది. సామాను బండి వచ్చిన రోజుకి కారు కూడా బాగై వచ్చింది. మేం పరుపులు ఎక్కిస్తుంటే కూతురు దాన్ని కిటికీ కింద నిలబెట్టి స్టీరింగు ముందు కూర్చుంది. కుట్టుమిషను కుడుతోంది. పైన పరదా కదల్లేదు. ఆవిడ ఫోను చూసుకుంది, మేడకేసి చూసింది, మళ్ళీ ఫోను చూసుకుంది. చివరికి హారన్ కొట్టింది, పొడుగ్గా. ఎవరూ దిగకపోతే మళ్ళీ కొట్టింది.

పెద్దాయన మెట్ల మీద కనిపించాడు. ఒక బూటు లేసు ఊడి ఉంది. "నాకు హారన్ కొడతావా? నేనేమన్నా నీ జీతగాణ్ణా?" అని వీధి వినేలా అరిచాడు.

తాడు ముడి వేస్తున్న మావయ్య ఆగి, మొత్తం విన్నాడు. నవ్వాడు. ఆయన పళ్ళు అంత తీరుగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే నా అట్టపెట్టె ఎత్తి, "ఇందులో రాళ్ళున్నాయా?" అని తిట్టి, పరుపుల మీద పడేశాడు. నేనూ అత్తయ్యా సామాను మధ్య సర్దుకున్నాం. ఆయన ముందు ఎక్కాడు. బండివాడు స్టార్టు చేసి గట్టిగా తొక్కబోయాడు.

"ఆగవోయ్" అన్నాడు మావయ్య. "ముందు దాన్ని వేడెక్కనీ. బండి తోలడం ఎవడు నేర్పాడు నీకు?"